పిల్లనిచ్చిన మామ

మా నియోజకవర్గాన్ని రద్దు చేశారన్న వార్త పేపర్లో నాలుగో పేజీలో, ఎరువుల ప్రకటన కింద, ఆరు లైన్లలో వచ్చింది. తొమ్మిది ఎన్నికలు చూసిన నియోజకవర్గం అది. జనం పల్చబడ్డారు, ఇక్కడ పొలాలు తప్ప ఓటర్లు లేరు అంటూ దాన్ని మూడు ముక్కలు చేసి మూడు పక్కలకీ పంచేశారు. మా వీధి తూర్పుకి వెళ్ళింది. ఎదురుగా ఉన్న పాలకేంద్రం దక్షిణానికి వెళ్ళింది.

"ఇకమీదట పాలు పక్క నియోజకవర్గం నుంచి తెచ్చుకోవాలన్నమాట," అని మా ఆయన మిషన్‌కి నూనె పోస్తూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. మాది ప్రెస్సు. మా మామగారు పెట్టిన ప్రెస్సు. ఆ తొమ్మిది ఎన్నికల ఓటర్ల జాబితాలూ, కరపత్రాలూ అన్నీ ఇక్కడే అచ్చయ్యాయి. చివరి ఐదింటికీ ప్రూఫులు దిద్దింది నేను. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, వయసు. ఒక్కొక్క లైనూ వేలు పెట్టి చదవాలి. ఎవరింట్లో ఎవరు పోయారో, ఎవరు పెళ్ళయి వెళ్ళిపోయారో, ఎవరు ఎన్నిక ఎన్నికకీ వయసు తగ్గించుకుంటూ వస్తున్నారో నాకు తెలిసినంతగా ఎన్నికల ఆఫీసుకి కూడా తెలియదు. చచ్చిపోయినవాళ్ళని ఎర్ర పెన్సిలుతో కొట్టేసేటప్పుడు ఒక్క క్షణం ఆగేదాన్ని. అది నా అలవాటు.

వారం తిరక్కుండా మెంబరుగారు ప్రెస్సుకొచ్చారు. మా నియోజకవర్గానికి ఆఖరి మెంబరు ఆయన. గెలిచి మూడేళ్ళే అయింది, కాళ్ళ కింద నేల పంచేశారు పాపం.

"మన నియోజకవర్గం చరిత్ర పుస్తకంగా వెయ్యాలమ్మా. మొదటి ఎన్నిక నుంచి నా దాకా. ఆఖరి సభలో అందరికీ పంచాలి. రేపు పిల్లలు అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలిగా," అన్నారు.

నేను కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఒళ్ళు తేలిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా మనసులో అనేసుకున్నాను. మొదటి ఎన్నికలో ఎవరూ పోటీకి రాకపోతే కరణంగారి తమ్ముణ్ణి బతిమాలి నిలబెట్టారు, అక్కణ్ణుంచి.

"మీ చెల్లెలు కాలేజీలో హిస్టరీ చెబుతుంది కదా. ఆవిడ నంబరు ఇవ్వండి," అన్నారు మెంబరుగారు.

ఇచ్చాను. ఆయన డైరీలో నా చేత్తో నేనే రాసి ఇచ్చాను.

*

నా చెల్లెలు ప్రతి వేసవి సెలవులకీ మా ఇంటికే వస్తుంది. అమ్మ పోయాక దానికి పుట్టిల్లు నా ఇల్లే. నాకంటే ఏడేళ్ళు చిన్నది. పక్క మీద నా పక్కనే పడుకుని, తెల్లారేదాకా వాగుతుంది. కోడి కూశాకే దాని నోరు మూతపడుతుందని మా ఆయన ఏడిపిస్తారు. ఆ ఏడు మాత్రం పుస్తకాల పెట్టెతో, చరిత్రకారిణిలా దిగింది.

ముందుగదిలో మా మామగారి బల్ల దానికి ఇచ్చాం. పాత కరపత్రాల కట్టలు అటకమీంచి దింపి దుమ్ము దులిపింది నేను. పొద్దుటి పూట మా ఆయన స్వయంగా టీ పెట్టి దాని బల్ల మీద పెట్టేవారు. ఇరవై ఐదేళ్ళ కాపురంలో నాకు టీ పెట్టిచ్చిన పాపాన పోలేదు ఆ మనిషి. అడిగితే, "అది రాసుకుంటోందే," అన్నారు. నేను చేసేది ఏమిటో మరి.

మొదట్లో అది నన్ను అడిగేది. నేనూ చెప్పేదాన్ని. ఐదో ఎన్నికలో బ్యాలెట్ పెట్టెలు వాగు దాటేటప్పుడు తడిసిపోతే, బట్టలు ఇస్త్రీ చేసేవాణ్ణి పిలిపించి ఒక్కొక్క ఓటూ ఇస్త్రీ చేయించారని చెప్పాను. ఏడో ఎన్నికలో పోటీ చేసిన ఇద్దరిదీ ఒకటే పేరయితే, ఒకరికి పొడుగు, ఇంకొకరికి పొట్టి అని కలిపి అచ్చు వేశామని చెప్పాను. పొట్టి ఆయన గెలిచి, పొడుగాయన తన కొలత తప్పు వేశారని మా మామగారి మీదికి దెబ్బలాటకొచ్చాడు. చెల్లెలు కడుపు పట్టుకుని నవ్వి, గబగబా రాసుకుంది.

మొదటి గ్యాలీ, అంటే దిద్దడానికి తీసిన అచ్చు, వచ్చాక చూశాను. నేను చెప్పినవన్నీ ఉన్నాయి. ఇస్త్రీ సంగతీ ఉంది, పొడుగూ పొట్టీ ఉన్నాయి. ప్రతిదాని చివరా 'అని స్థానికులు చెబుతారు' అని ఉంది.

స్థానికులట. నేనొక్కదాన్నే, బహువచనంలో.

"ఇక్కడ స్థానికులు అంటే ఎవరే?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"అలా రాస్తే బాగుంటుందక్కా. ఒక్కరు చెప్పారంటే బలం ఉండదు," అంది తలెత్తకుండా.

రెండో రోజు నేను ఒక పేజీ పక్కన పెన్సిలుతో చిన్న మాట రాశాను. నాలుగో ఎన్నికలో ఓట్లు లెక్కించింది స్కూల్లో కాదు, ధాన్యం గోదాములో అని. అది చూసి నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు అక్షరాలు చూడవే అక్కా, చాలు. విషయం నేను చూసుకుంటాగా. రికార్డులో స్కూలనే ఉంది."

చెయ్యి వేసి చెప్పింది కాబట్టి అదేదో ప్రేమగా చెప్పినట్టే లెక్క. నాకు మాత్రం నిలువునా ఒళ్ళు మండింది. ఆ గోదాములో గుమ్మం పక్కన మా మామగారు ఫలితాల కాగితం పట్టుకుని రాత్రంతా నిలబడ్డారు. మర్నాడు కాళ్ళు వాచి వారం రోజులు మంచం దిగలేదు. రికార్డులో ఆయన కాళ్ళు ఉండవు.

నాకు కుళ్ళు అని ఒప్పుకోవడానికి ఇప్పుడు మొహమాటం లేదు. అప్పుడు దానికి నేను పెట్టుకున్న పేరు క్రమశిక్షణ. అడిగినదానికి చెప్పడం, అక్షరాలు చూడడం, నోరు మూసుకోవడం.

*

మూడో ఎన్నిక గురించి అది నన్ను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని, నిజంగా.

మూడో ఎన్నిక మా నియోజకవర్గం మొత్తానికీ తలమానికం. అప్పటికి రెండుసార్లు గెలిచిన పెద్ద మెంబరుని పడగొట్టి, ఊరూ పేరూ లేని ఒక కుర్ర కాంట్రాక్టరు పదకొండు ఓట్లతో గెలిచాడు. మూడుసార్లు లెక్కించినా పదకొండే. చచ్చేదాకా అతన్ని పదకొండు ఓట్ల ఆయన అనే పిలిచారు. చచ్చింది కూడా ఎంతో కాలానికి కాదు, గెలిచిన రెండేళ్ళకే విషజ్వరం వచ్చి పోయాడు. పెళ్ళి కూడా కాలేదు.

అతను పెద్ద మెంబరు మీద ఎందుకు నిలబడ్డాడో పెద్ద తరం వాళ్ళందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. అతను పెద్ద మెంబరు కూతుర్ని అడిగాడు. ఆ పిల్లకీ ఇష్టమే. ఆయన గుమ్మంలోంచే పంపేశాడు. మర్నాడు అతను నామినేషన్ వేశాడు. ఆ పిల్ల తర్వాత ఇంకెవర్నీ చేసుకోలేదు. మా స్కూల్లో టీచరుగా చేరి, పెద్ద టీచరై, రిటైరయింది. నాకు లెక్కలు నేర్పింది ఆవిడే. నేను దిద్దిన ఐదు జాబితాల్లోనూ ఆవిడ లైన్లో భర్త పేరు లేదు, తండ్రి పేరే ఉంది. ఐదుసార్లు వేలు పెట్టి చదివాను ఆ లైను.

అతని కరపత్రం మా ప్రెస్సులోదే. 'మామా, రెండుసార్లు మోశావు, అలిసిపోయావు. ఇక ఆ బరువు నాకివ్వు' అని ఉంటుంది. పెద్ద మెంబరుని మామా అని పిలవనివాడు ఆ రోజుల్లో ఊళ్ళో లేడు. పాలవాడూ మామే అన్నాడు, పోలీసూ మామే అన్నాడు. చెల్లెలికి అప్పుడు ఐదేళ్ళు. ఇప్పుడు కరపత్రం చూసింది, మామ అన్న మాట చూసింది, ఇంకేముంది, చుట్టరికం కట్టేసింది.

ఆ గ్యాలీ మధ్యాహ్నం పూట నా చేతికొచ్చింది. ఇంకా సిరా తడి ఆరలేదు. 'మూడో ఎన్నికలో మామా అల్లుళ్ళ పోరు' అని శీర్షిక. కింద మూడో లైన్లో, 'తనకు పిల్లనిచిన మామనే పదకొండు ఓట్లతో ఓడించి' అని ఉంది.

పిల్లనిచ్చిన మామ.

పెన్సిలు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పక్కగదిలో మిషన్ టకటకమని ఆడుతోంది. ముందుగదిలో అది మెంబరుగారితో ఫోన్లో నవ్వుతోంది. ఆఖరి సభలో మొదటి కాపీ ఎవరికిస్తున్నారో నాకు తెలుసు. పెద్ద టీచరుకి. మొదటి మెంబర్ల కుటుంబాల్లో బతికున్నది ఆవిడ ఒక్కతే అని, ఆ ఆలోచన కూడా చెల్లెలిదే. అక్కడ, అందరి ముందూ, ఆవిడ ఈ లైను చదువుతుంది. అప్పుడు తెలుస్తుంది విషయం చూసుకోవడం అంటే ఏమిటో.

నువ్వు అక్షరాలు చూడవే అక్కా.

చూశాను. 'పిల్లనిచిన' అని పడింది, చ కింద వత్తు లేదు. పెన్సిలుతో వత్తు వేశాను. 'పిల్లనిచ్చిన' అయింది. గ్యాలీ తిప్పాను.

*

ఆ పేజీలున్న పెద్ద కాగితం, మేం ఫారం అంటాం, మిషన్ ఎక్కడానికి ఇంకా నాలుగు రోజులుంది. మొదటి రోజు సాయంత్రం, "అంతా చూశావా?" అని మా ఆయన అడిగారు. చూశానన్నాను. అబద్ధం కాదు.

మూడో రోజు అచ్చయిన ఫారాలు మడతపెట్టడానికి చాప మీద కూర్చున్నాను. చెల్లెలు వచ్చి నా పక్కన కూర్చుంది. దానికి మడత సరిగ్గా రాదు, మూలలు కలవవు. నేను వాటిని విప్పి మళ్ళీ పెడుతున్నాను.

"నీ చెయ్యి పడ్డాక నాకింక భయం లేదక్కా," అంది. "కాలేజీలో నా పుస్తకం ప్రూఫులు ఎవడో చూశాడు. పేజీకి పది తప్పులు. నాకు ఏడుపొచ్చింది. ఇక్కడైతే హాయిగా నిద్రపోతున్నా."

నోటిదాకా వచ్చింది. "ఒసేయ్, ఆ మూడో ఎన్నిక ఫారం ఆపు," అనడానికి రెండు సెకన్లు చాలు. మూడో ఎన్నిక ఫారం ఇంకా ఎక్కలేదు. మర్నాడు ఎక్కాల్సింది.

"ఒక సంగతి చెప్పనా," అన్నాను.

"చెప్పవే."

అప్పుడే మా ఆయన అట్ట నమూనా పట్టుకొచ్చారు. ఆకుపచ్చ అట్ట. మధ్యలో నా పిడికిలంత అక్షరాలతో చెల్లెలి పేరు. చెల్లెలు చూసి చిన్నపిల్లలా రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. మా ఆయన కళ్ళు మెరిసిపోతున్నాయి. తనే ఆ టైపు ఏరి ఏరి పెట్టారట, అంత పెద్ద టైపు ప్రెస్సులో ఒక్క సెట్టే ఉంది.

"బాగుందా అక్కా?"

"బాగుంది," అన్నాను.

"ఏదో సంగతి అన్నావు?"

"మడతపెట్టేటప్పుడు గోరుతో నొక్కు. అప్పుడు మూలలు కలుస్తాయి," అన్నాను.

*

ఆఖరి సభ స్కూలు హాల్లో, ఆదివారం మధ్యాహ్నం. మూడు వందల కుర్చీలు వేస్తే నిండిపోయాయి. ఆ రోజుదాకా ఒకే నియోజకవర్గం వాళ్ళు, రేపట్నుంచి మూడు వేర్వేరు చోట్ల ఓటు వేసేవాళ్ళు, పెళ్ళిలో కూర్చున్నట్టు కలిసి కూర్చున్నారు. మెంబరుగారు మధ్యలో రెండుసార్లు ఆగి కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. చెల్లెలికి పూలదండ వేశారు. ప్రెస్సువాళ్ళకి కూడా కృతజ్ఞతలు అన్నారు. మా ఆయన లేచి నమస్కారం పెట్టారు.

పెద్ద టీచరు మొదటి కాపీ అందుకుని, వేదిక మీదే తెరిచారు. ఎవరైనా అంతే, ముందు వాళ్ళ పేజీకే వెళ్తారు. నేను మూడో వరసలోంచి ఆవిడ మొహం తప్ప ఇంకేం చూడలేదు. చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ తర్వాత సభ అయ్యేదాకా ఎదురుగా గోడమీద మ్యాపు చూస్తూ కూర్చున్నారు.

అయ్యాక పక్క క్లాసురూములోకి మా ఇద్దర్నీ పిలిచారు. బెంచీ మీద పుస్తకం పెట్టి ఆ పేజీ తీశారు.

"ఇది నీకు ఎవరు చెప్పారమ్మా?" అన్నారు చెల్లెలితో.

"కరపత్రంలో మామా అని ఉంది టీచర్..."

"ఊరంతా మామా అనేవాళ్ళమ్మా మా నాన్నని. పిల్లనివ్వలేదు. పంపేశారు. అందుకే కదా ఆయన మా నాన్న మీద నిలబడింది."

చెల్లెలు ఆ పేజీ తన వైపు తిప్పుకుంది.

"టీచర్, నన్ను క్షమించండి. అన్ని కాపీలూ వెనక్కి తెప్పిస్తాను. ఆ పేజీ తీయించేస్తాను. నేను... నాకు తెలియదు టీచర్."

"ఎందుకూ తియ్యడం?" అన్నారు పెద్ద టీచరు. ఆవిడ నవ్వడం అప్పుడు చూశాను. లెక్క తప్పు చేసినప్పుడు కూడా అలా నవ్వేవారు కాదు. "మా నాన్న ఒప్పుకోలేదు, మీ పుస్తకం ఒప్పుకుంది. ముప్పై మూడేళ్ళు ఆగితే ఒక్క చోటన్నా పెళ్ళయింది. ఉండనీ తల్లీ." అని దాని బుగ్గ నిమిరారు.

చూశారా. దాని తప్పుకి కూడా బుగ్గ నిమిరారు. ఐదు జాబితాల్లో ఆవిడ లైను తప్పు పోకుండా కాపాడినదాన్ని నేను. గోదాము తెలిసినదాన్ని నేను, పదకొండు ఓట్ల కథ తెలిసినదాన్ని నేను. ఆ గదిలో నేను గోడకి వేలాడే మ్యాపుతో సమానం. ఇంక నా వల్ల కాలేదు.

"నాకు తెలుసు టీచర్," అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

"నాకు మొదట్నుంచీ తెలుసు. ప్రూఫులోనే చూశాను."

పెద్ద టీచరు కళ్ళు నిండాయి. నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"తెలిసే ఉంచావా? అయితే ఈ పెళ్ళి నువ్వు చేశావన్నమాట."

ఏం అనాలి? నేను కోరుకున్నది అదేగా, నాకు తెలుసని ఒక్కరైనా గుర్తించడం. గుర్తించారు. చేతులు కూడా పట్టుకున్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను, పుణ్యం చేసినదానిలా.

చెల్లెలు ఆ పేజీ వైపు చూస్తోంది.

"వత్తు వేశావు," అంది మెల్లగా. "దిద్దిన గ్యాలీ నేను చూశాను. ఆ మాటకి వత్తు వేసింది నువ్వు."

*

ఇంటికి నడిచే వచ్చాం. మా ఆయన మిగిలిన కాపీల కట్టలు సైకిలు మీద పెట్టుకుని ముందు వెళ్ళిపోయారు. దండ ఇంకా దాని చేతిలోనే ఉంది. పాలకేంద్రం దగ్గర అది నావైపు తిరిగింది.

"ఎందుకే?" అంది.

"నువ్వు అడగలేదుగా. అక్షరాలు చూడమన్నావు."

"అందుకా?"

"నన్ను స్థానికులని రాశావు." గొంతు నాకు తెలియకుండానే లేచింది. "నేను చెప్పిందంతా రాసుకుని స్థానికులని రాశావు. నాకు పేరు లేదా?"

అది రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"నాతో ఒక్క మాట అంటే అట్టమీదే వేసేదాన్ని కదా అక్కా."

"అడుక్కుని వేయించుకోవాలా?"

అది దండ ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుంది. "ఆవిడ మంచిది కాబట్టి నవ్వింది," అంది. "నవ్వకపోయుంటే? అందరి ముందూ ఏడ్చి ఉంటే? నాకేమైనా ఫరవాలేదు. ఆవిడ గురించైనా అనుకోలేదా నువ్వు?"

అనుకోలేదు. నాలుగు రోజులూ నేను చెల్లెలి మొహాన్నే ఊహించుకున్నాను, ఆవిడ మొహం ఒక్కసారి కూడా ఊహించుకోలేదు. ఆ మాట దానికి చెప్పలేదు. వీధి దాటి మా నియోజకవర్గంలోకి, అంటే తూర్పులోకి, వచ్చేశాం.

ఆ రాత్రి అది ముందుగదిలో చాప వేసుకుని పడుకుంది. ఇంకా పది రోజుల సెలవులున్నాయి. పొద్దున్నే పెట్టె సర్దేసింది. మా ఆయన పేపరు చదువుకుంటున్నారు. నేను దాని గ్లాసులో టీ పోసి ఇచ్చాను. తాగింది.

"ఇంకొంచెం పొయ్యనా?" అన్నాను.

"వద్దండీ," అంది.

మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "నేనేం అడగలేదమ్మా," అన్నారు.

అది ఆయన వైపు చూడలేదు. గ్లాసు కడిగి బోర్లించి, పెట్టె తీసుకుని, "వెళ్ళొస్తానండీ, ఒంట్లో జాగ్రత్త," అని నాతో చెప్పి బస్సుకి వెళ్ళింది.

ఇది జరిగి పదహారేళ్ళు. అది మా ఇంటికి రావడం మానెయ్యలేదు. రెండేళ్ళకో మూడేళ్ళకో వస్తుంది, ఒక పూట ఉంటుంది. పళ్ళు తెస్తుంది. నేను నిలబడి ఉంటే తను కూర్చోదు. "మీరు మందులు వేసుకుంటున్నారా? మీ కళ్ళు చూపించుకున్నారా?" అని అడుగుతుంది. నేను ఒకటి రెండుసార్లు 'ఒసేయ్' అని చూశాను. "చెప్పండక్కయ్యా," అంది.

పోయిన నెల ఒక పెళ్ళిలో పక్కన కూర్చున్నావిడ అదంతా చూసి ముచ్చటపడిపోయింది.

"ఈ రోజుల్లో ఎక్కడండీ ఇలా? మీ చెల్లెలికి మీరంటే ఎంత గౌరవమో."

"అవునండీ," అన్నాను.